మచ్చల్లో మోగే సూర్యవీణ

సూర్యుడి ఒంటి మీద నల్లమచ్చలుంటాయని చాలామందికి తెలుసు. ఆ మచ్చల్లోంచి దాదాపు మూడు నిమిషాలకోసారి అలలు లేస్తుంటాయనీ, వాటి నడకను బట్టి సూర్యుడి అయస్కాంత బలాన్ని లెక్కకట్టొచ్చనీ తెలుసా? ఆ లెక్కతో శాస్త్రవేత్తలకే కాదు, సెల్‌ఫోన్లో దారి వెతుక్కునే మనకూ పనుంది!

మార్చి రెండోవారంలో ఒకసారి, అక్టోబరు మొదట్లో మరోసారి... శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లిలో తెల్లవారకముందే జనం బారులు తీరతారు. ఆకాశం నిర్మలంగా ఉంటే ఉదయపు తొలికిరణాలు అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వచ్చి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఆ కాసేపటి దృశ్యం కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు భక్తులు.

ఆ కిరణాలు సూర్యుడి దగ్గర బయల్దేరింది అంతకు 8 నిమిషాల 20 సెకన్ల ముందు. సుమారు 15 కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చిన ఆ వెలుగు భక్తులకు దీవెన అయితే, ఖగోళ శాస్త్రవేత్తలకు ఓ ఉత్తరం. సూర్యుడి వేడి ఎంత, అక్కడ ఏయే వాయువులున్నాయి, అవి ఎటు కదులుతున్నాయి... అన్నీ అందులోనే రాసి ఉంటాయి. చదవడం రావాలంతే. ఆ ఉత్తరంలో చాలాకాలం పాటు ఎవరికీ సరిగ్గా అంతుబట్టని పంక్తి ఒకటుంది. సూర్యుడి చుట్టూ ఉండే వాతావరణంలో అయస్కాంత బలం ఎక్కడ ఎంత అన్నదే ఆ పంక్తి. దాన్ని చదివే కిటుకు చివరికి సూర్యుడి మచ్చల్లోనే దొరికింది.

మచ్చ కాదు, మహా అయస్కాంతం

సూర్యుడి ఉపరితలం వేడి దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్. మచ్చ నడిమి భాగంలో అది 3,500 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. అదేం తక్కువ వేడి కాదు. చుట్టూ ఉన్న భాగం అంతకన్నా బాగా వెలుగుతుంటుంది కాబట్టి మచ్చ నల్లగా కనిపిస్తుంది. పెళ్లిపందిట్లో ఫ్లడ్‌లైటు పక్కన కొవ్వొత్తి పెట్టినట్టన్నమాట. అదే మచ్చను విడిగా తీసి రాత్రి ఆకాశంలో పెడితే పున్నమి చంద్రుణ్ని మించి వెలుగుతుంది.

మచ్చ మధ్యలో చిక్కటి నలుపు, చుట్టూ కాస్త పలచటి అంచు ఉంటాయి. గ్రహణాల పాఠంలో నీడకు వాడే పేర్లనే వీటికీ పెట్టారు... ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ. పెద్ద మచ్చల్లో మన భూమి మొత్తం పట్టేస్తుంది.

అక్కడ వేడి ఎందుకు తగ్గింది? సూర్యుడి పైపొరల కింద వాయువులు ఎసరులా కుతకుతలాడుతూ వేడిని పైకి మోసుకొస్తుంటాయి. మచ్చ ఉన్నచోట అయస్కాంత బలరేఖలు మోపులా గట్టిగా బిగిసి ఆ పొంగును అడ్డుకుంటాయి. కింది వేడి పైకి రావడం తగ్గి ఆ భాగం చల్లబడుతుంది.

ఈ సంగతి 1908లో బయటపడింది. అంతకు పన్నెండేళ్ల ముందు డచ్ శాస్త్రవేత్త పీటర్ జీమన్ ఓ చిత్రం గమనించారు. వెలుగును పట్టకంలాంటి పరికరంతో విడదీస్తే ఏడురంగుల పట్టీలో సన్నటి గీతలు కనిపిస్తాయి. ఆ వెలుగు పుట్టేచోట బలమైన అయస్కాంతం ఉంటే ఒక్కో గీత రెండు మూడుగా చీలుతుంది. అమెరికాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో జార్జ్ ఎలరీ హేల్ సూర్యుడి మచ్చల వెలుగులో అలాంటి చీలికనే చూశారు. భూమి బయట అయస్కాంత క్షేత్రం ఉందని మనిషి కనిపెట్టడం అదే మొదటిసారి.

దాని బలమెంత? దిక్సూచి ముల్లును తిప్పే మన భూమి అయస్కాంత బలం ఇక్కడ అర గాస్ కూడా ఉండదు. సూర్యుడి మచ్చల్లో అది సాధారణంగా 2,000 నుంచి 4,000 గాస్‌లు. అరుదుగా 6,000 కూడా దాటుతుంది. ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే ఎమ్మారై యంత్రంలో 15,000 గాస్‌లుంటాయి కదా అనొచ్చు. కానీ ఆ యంత్రంలో పట్టేది ఒక మనిషి, ఈ మచ్చలో పట్టేది ఒక భూగోళం!

కొడైకెనాల్ కొండ మీద...

మచ్చల కథలో మన దేశానికీ పాత్ర ఉంది. తమిళనాడులోని కొడైకెనాల్ అబ్జర్వేటరీలో 1904 నుంచి సూర్యుణ్ని ఫొటోలు తీస్తున్నారు. నూరేళ్లకు పైబడిన ఆ ఫొటోల భాండాగారం ప్రపంచంలోనే అరుదైనది.

అక్కడ పనిచేసిన జాన్ ఎవర్‌షెడ్ 1909 జనవరిలో ఓ కొత్త సంగతి కనిపెట్టారు. మచ్చల్లో సుడిగుండాలుంటాయని అప్పట్లో చాలామంది అనుకునేవారు. ఎవర్‌షెడ్ చూస్తే అక్కడ సుడి లేదు. ఉపచ్ఛాయలో వాయువు మచ్చ లోపలి నుంచి బయటి అంచు వైపు సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో పారుతోంది. ఇప్పటికీ దాన్ని ‘ఎవర్‌షెడ్ ప్రభావం’ అనే పిలుస్తారు. మచ్చ కదలిక లేని మరక కాదనీ, దాన్లో నిత్యం ఏదో జరుగుతూనే ఉంటుందనీ అలా తెలిసింది.

హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్న వైను బప్పు 1960లో ఇదే అబ్జర్వేటరీ పగ్గాలు చేపట్టారు. ఆయన చేతుల మీదుగానే 1971లో అది భారత ఖగోళ భౌతిక సంస్థగా మారింది. ఆ సంస్థ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

అసలు చిక్కు పైనే!

మచ్చ దగ్గర అయస్కాంత బలాన్ని జీమన్ పద్ధతిలో కొలవొచ్చు. చిక్కల్లా దానిపైన ఉండే వాతావరణంతోనే. సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు నల్లటి చంద్రబింబం చుట్టూ తెల్లటి కాంతివలయం ఒకటి కనిపిస్తుంది చూడండి, దాని పేరు కరోనా. పేరు వినగానే ఉలిక్కిపడక్కర్లేదు. లాటిన్‌లో ఆ మాటకు కిరీటమని అర్థం. వైరస్‌కూ ఆ పోలికతోనే పేరు పెట్టారు.

ఈ కిరీటం ఓ విడ్డూరం. పొయ్యికి దూరంగా జరిగేకొద్దీ వేడి తగ్గాలి కదా. ఇక్కడ ఉపరితలం మీద 5,500 డిగ్రీలుంటే పైనున్న కరోనాలో 10 లక్షల డిగ్రీలు దాటుతుంది. కానీ అక్కడి వాయువు చాలా పలచన. దాని వెలుగు సూర్యబింబం వెలుగులో పది లక్షల వంతు మాత్రమే. అయస్కాంత బలం కూడా వేల గాస్‌ల నుంచి పదుల్లోకి, ఒకట్లలోకి పడిపోతుంది. విపరీతమైన వేడికి వర్ణపటంలోని గీతలు అలుక్కుపోతాయి. ఇక అలాంటి గీత చీలిందో లేదో చూడటమంటే తడిసిన కాగితం మీద అక్షరాలు చదవడమే.

కష్టమని వదిలేద్దామా అంటే కుదరదు. సౌర తుపానులు పుట్టేది అక్కడే. అక్కడి అయస్కాంత బలరేఖలు మెలికలు తిరిగి, తెగి, మళ్లీ కలిసినప్పుడే సూర్యుడి మీద పేలుళ్లు జరుగుతాయి. వందల కోట్ల టన్నుల వేడివాయువు ఒక్కసారిగా అంతరిక్షంలోకి ఎగిరిపోతుంది.

బొబ్బిలి వీణలోని కిటుకు

ఇక్కడే అలలు అక్కరకొచ్చాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి విజయనగరం జిల్లాలోని బొబ్బిలి దాకా వెళ్తే చాలు. అక్కడికి దగ్గర్లోని గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చెక్కే కుటుంబాలున్నాయి. వీణ తయారయ్యాక తీగలు కట్టి, బిరడాలు తిప్పుతూ శ్రుతి చేస్తారు. తీగ ఎంత బిగువుగా ఉందో తూకం వేసి చూడరు. ఒకసారి మీటి, చెవితో విని చెప్పేస్తారు. బిగువు ఎక్కువైతే తీగలో అల వేగంగా పరుగెడుతుంది, స్వరం హెచ్చుతుంది. వదులైతే అల నెమ్మదిస్తుంది, స్వరం తగ్గుతుంది. అల వేగం తెలిస్తే బిగువు తెలిసినట్టే.

సూర్యుడి మీద తీగలేవీ అంటారా? అయస్కాంత బలరేఖలే ఆ తీగలు. వాటిని మీటేది సూర్యుడి లోపలి పొంగు. కుతకుతలాడే వాయువులు ఎడతెగకుండా శబ్దతరంగాలను పుట్టిస్తుంటాయి. మన చెవికి వినపడాలంటే సెకనుకు కనీసం 20 కంపనాలుండాలి. అక్కడ ఒక్క కంపనానికే నిమిషాలు పడుతుంది. వినలేం, కానీ చూడగలం. అల వచ్చినచోట వాయువు నొక్కుకుని వెలుగు కాస్త పెరుగుతుంది. అల దాటాక తగ్గుతుంది.

1969లో శాస్త్రవేత్తలు ప్రచ్ఛాయలో సుమారు రెండున్నర నిమిషాలకోసారి మెరుపులు మెరుస్తున్నట్టు గమనించారు. 1972లో ఉపచ్ఛాయ మీదుగా బయటికి పాకే అలలు కనిపించాయి. కోనేట్లో రాయి వేస్తే వలయాలు ఒడ్డుకు పాకుతాయే, అలాగన్నమాట. మచ్చ మధ్యలో దాదాపు మూడు నిమిషాలకోసారి, అంచుల దగ్గర అయిదు నిమిషాలకోసారి ఈ అలలు లేస్తుంటాయి. దాదాపు ప్రతి మచ్చలోనూ ఉంటాయి. ఆగకుండా మోగే వీణ ఎదురుగానే ఉంది. దాని శ్రుతి పట్టడమే మిగిలింది.

అల నడిచింది... లెక్క తేలింది

ఆ శ్రుతి పట్టినవారిలో బ్రిటన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ బెల్‌ఫాస్ట్ శాస్త్రవేత్త డేవిడ్ జెస్ బృందం ముఖ్యమైనది. వారి పరిశోధన 2016లో ‘నేచర్ ఫిజిక్స్’ పత్రికలో వచ్చింది. ఆ బృందంలో ఇద్దరు మనవాళ్లున్నారు. ఒకరు అప్పట్లో భారత ఖగోళ భౌతిక సంస్థలో పనిచేస్తున్న దీపంకర్ బెనర్జీ. మరొకరు అదే సంస్థలో పరిశోధన చేసి బెల్‌ఫాస్ట్ వెళ్లిన ఎస్.కృష్ణప్రసాద్.

వారు ఎంచుకున్నది 2011 డిసెంబరు 10న సూర్యుడి మీద కనిపించిన ఓ మచ్చ. అమెరికాలోని న్యూమెక్సికోలో ఉన్న డన్ సోలార్ టెలిస్కోప్ నేల మీది నుంచి చూస్తే, నాసా వారి ఎస్‌డీఓ ఉపగ్రహం అంతరిక్షం నుంచి చూసింది. ఆ ఉపగ్రహం ప్రతి 12 సెకన్లకోసారి కరోనాను అతినీలలోహిత కాంతిలో ఫొటో తీస్తుంది. ఆ ఫొటోలను వరసగా పేర్చితే మచ్చ నుంచి బయల్దేరిన అలలు కరోనాలోనూ వలయాలుగా పరచుకుంటూ పోవడం కనిపించింది.

ఇక లెక్క. అక్కడి అల వేగాన్ని నిర్ణయించేవి ప్రధానంగా రెండు. ఒకటి వాయువు వేడి, రెండోది అయస్కాంతపు బిగువు. వేడి తెలిస్తే ఆ వాయువులో శబ్దం ఎంత వేగంగా వెళ్తుందో చెప్పొచ్చు. బిగువు గట్టిగా ఉన్నచోట ఈ అల దాదాపు ఆ శబ్దవేగాన్ని అందుకుంటుంది. బిగువు సడలేకొద్దీ వెనకబడుతుంది. ఎంత వెనకబడిందో ఫొటోల్లో కొలిచారు. రకరకాల అతినీలలోహిత కాంతుల్లో కనిపించిన వెలుగును పోల్చి వేడినీ, వాయువు ఎంత చిక్కగా ఉందో దాన్నీ తేల్చారు. వేడి, చిక్కదనం, అల వేగం... మూడూ తెలిశాక మిగిలిన నాలుగోది అయస్కాంత బలం. అది లెక్కలోంచే బయటికొచ్చింది.

మచ్చకు సరిగ్గా పైన కరోనాలో బలం 32 గాస్‌లని తేలింది. అటూ ఇటూగా అయిదు గాస్‌ల తేడా ఉండొచ్చు. పక్కకు 7,000 కిలోమీటర్లు జరిగేసరికి అది సుమారు ఒక గాస్‌కు పడిపోయింది. 7,000 కిలోమీటర్లంటే భూమి అడ్డుకొలతలో సగం కంటే కాస్త ఎక్కువ. సూర్యుడి కొలతల్లో అడుగు దూరమే. అంత కొద్ది దూరంలో అంత తేడా!

అంతకుముందూ అలలతో కరోనా బలాన్ని లెక్కించినవారున్నారు. 9 నుంచి 55 గాస్‌ల వరకూ అంకెలు చెప్పారు. కాకపోతే అవి ఎక్కడో ఒక్కోచోట, ఏదైనా పేలుడు బలరేఖలను ఊపినప్పుడో మరొకప్పుడో దొరికిన లెక్కలు. ఎప్పుడూ ఉండే మచ్చల అలలతో చోటుచోటుకీ మారే బలాన్ని పటంలా గీయొచ్చని చూపడం ఇదే మొదలు.

మనకేంటి?

2018 అక్టోబరు 11... తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా మీద విరుచుకుపడింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆస్తులు పోయినా ముందే హెచ్చరికలు అందడంతో ఎన్నో ప్రాణాలు నిలిచాయి. సముద్రంలో అల్పపీడనం ఏర్పడగానే దాని బలం, దారి అంచనా వేసే విద్య మన వాతావరణ శాఖకు అబ్బింది. కళింగపట్నం రేవులో ఏ నంబరు ప్రమాద సూచిక ఎగిరిందో వింటే వేటకు వెళ్లాలో వద్దో తెలిసిపోతుంది.

సూర్యుడి తుపానుల విషయంలో అంత విద్య ఇంకా లేదు. పేలుడు జరిగిందని వెంటనే తెలుస్తుంది. ఎగిరిన వాయువు మన దగ్గరకు రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కానీ అది మోసుకొస్తున్న అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి తిరిగి ఉందా, దక్షిణానికా అన్నదే అసలు ప్రశ్న. దక్షిణానికైతే భూమి అయస్కాంత కవచం తలుపు తెరుచుకున్నట్టే. ఆ సంగతి ఖాయంగా తెలిసేది అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహాలను తాకినప్పుడే. అప్పటికి మిగిలేది గంట లేదా అంతకన్నా తక్కువ సమయం. తుపాను తీరం దాటబోతుండగా సైరన్ మోగించడంలాంటిదే ఇది.

1989 మార్చి 13న ఇలాంటి తుపాను కెనడాలోని క్యుబెక్‌ను చీకట్లోకి నెట్టింది. సుమారు 60 లక్షల మంది తొమ్మిది గంటలపాటు కరెంటు లేక అల్లాడారు. 2022 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ సంస్థ ఒకేసారి పంపిన 49 ఉపగ్రహాల్లో 38 పనికిరాకుండా పోయాయి. 2024 మే నెలలో రెండు దశాబ్దాల్లోకెల్లా పెద్ద తుపాను వచ్చింది. లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబారింది. అమెరికాలో విత్తనాలు వేసే అదనులో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు దారితప్పి రైతులు పని ఆపుకోవాల్సి వచ్చింది.

మనం ధ్రువాలకు దూరంగా ఉన్నాం కాబట్టి కరెంటు తీగలకు ముప్పు తక్కువే. జీపీఎస్ సంగతి వేరు. ఆ సంకేతాలు భూమిపైన అయనోస్ఫియర్ అనే పొరను దాటి రావాలి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో ఆ పొర మామూలు రోజుల్లోనే అల్లరి చేస్తుంది. సౌర తుపాను తోడైతే చెప్పక్కర్లేదు. ఒడ్డు కనపడనంత దూరం వెళ్లి, జీపీఎస్ చూసుకుని తిరిగొచ్చే మత్స్యకారుల దగ్గర్నుంచి విమానాల దాకా అందరికీ అది తలనొప్పే.

పేలబోయే చోట అయస్కాంత బలం ఎంత పోగుపడిందో, ఎటు మెలితిరిగిందో ముందే చూడగలిగితే హెచ్చరికకు గంటలు కాదు, రోజులు దొరుకుతాయి. ఆ రోజు ఇంకా రాలేదు. మచ్చల అలలు ఆ దారిలో పడిన ఒక అడుగు.

ఆదిత్యుడి కోసం ఆదిత్య

ఆ దారిలో మరికొన్ని అడుగులూ పడ్డాయి. 2020లో చైనా, అమెరికా తదితర దేశాల శాస్త్రవేత్తలు మరోరకం అలల సాయంతో సూర్యబింబం చుట్టూ ఉన్న కరోనా మొత్తానికి అయస్కాంత పటం గీశారు. అక్కడ బలం ఒకటి నుంచి నాలుగు గాస్‌లని చెప్పారు. 2024లో హవాయి దీవుల్లోని నాలుగు మీటర్ల ఇనోయే సోలార్ టెలిస్కోప్, జీమన్ పద్ధతిలోనే కరోనా బలాన్ని నేరుగా పటం గీసి చూపించింది. తడిసిన అక్షరాలను చదివే కళ్లద్దాలు దొరికాయన్నమాట. రెండు దారుల్లో వచ్చిన జవాబులను ఇకపై పోల్చి చూసుకోవచ్చు.

మన ఇస్రో కూడా వెనకబడలేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1ను ప్రయోగించింది. 2024 జనవరి 6న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన కక్ష్యకు చేరింది. అక్కడ గ్రహణాలు అడ్డురావు, సూర్యుడు అస్తమించడు. అందులోని ఏడు పరికరాల్లో పెద్దదైన వీఈఎల్‌సీని తయారుచేసింది, కొడైకెనాల్ వారసత్వం అందుకున్న భారత ఖగోళ భౌతిక సంస్థే. సూర్యబింబాన్ని కప్పేసి కృత్రిమ గ్రహణం సృష్టించి, కరోనాను చూడటం దాని పని. మరో పరికరం మాగ్నెటోమీటర్, దూసుకొచ్చే సౌరవాయువు మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రాన్ని అక్కడికక్కడే కొలుస్తుంది.

సూర్యుడి మచ్చలు సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. ఈ విడతలో సూర్యుడు ఉద్ధృత దశకు చేరాడని 2024 అక్టోబరులో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఉద్ధృతి తగ్గే ఏళ్లలోనూ పెద్ద తుపానులు రావొచ్చు. 2003 అక్టోబరు, నవంబరుల్లో వచ్చినవి అలాంటివే. మచ్చ కనిపించినంత కాలం దాన్లో అల మోగుతూనే ఉంటుంది. వినే చెవులు ఇప్పుడిప్పుడే తయారవుతున్నాయి.

ఇవీ విశేషాలు!

* 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ జాన్సన్ గుంటూరు నుంచి పరిశీలించారు. ఆ గ్రహణ పరిశీలనలే హీలియం కనుగొనడానికి దారితీశాయి. ఆ పేరు గ్రీకుల సూర్యుడు హీలియోస్ నుంచి వచ్చింది.

* విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు నల్లచుక్కలా దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు.

* 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణం దారిలో హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ పడింది. అక్కడ శాస్త్రవేత్తలు కరోనాను నేరుగా పరిశీలించగలిగారు.

* సూర్యుణ్ని నేరుగా చూడకూడదు. బైనాక్యులర్, టెలిస్కోప్‌లతో అసలే వద్దు, కళ్లు పోతాయి. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు కాపాడవు. మచ్చలు చూడాలనుకునే పిల్లలు పెద్దల సాయంతో చిన్న టెలిస్కోప్ నుంచి వచ్చే సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేలా చేసి, ఆ కాగితాన్నే చూడాలి. రోజూ అదే వేళకు మచ్చల చోటు గుర్తుపెట్టుకుంటే వారం తిరక్కుండానే అవి పక్కకు జరగడం కనిపిస్తుంది. అంటే సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడన్నమాట!